ఫిరంగి పేరే ట్యాంకు పేరు

అమెరికా సైన్యం రెండో ప్రపంచ యుద్ధం నాటి తన షెర్మన్ ట్యాంకుల రకాలను ముందుగా బాడీనీ ఇంజిన్‌నీ బట్టి గుర్తుపట్టేది. ఎం4ఏ1 అంటే పోత పోసిన బాడీ. ఎం4ఏ2 అంటే రెండు డీజిల్ ఇంజిన్లు. ఎం4ఏ4 అంటే ఐదు కారు ఇంజిన్లను గుత్తిగా కలిపి కట్టిన ముప్పై సిలిండర్ల యంత్రం. ఇజ్రాయెల్ సైన్యం ఈ పేర్లన్నీ పక్కన పెట్టేసింది. ఏ ఫిరంగి ఉంటే ఆ ఫిరంగి పేరే ట్యాంకుకు పెట్టుకుంది. 75 మి.మీ. ఎం3 ఫిరంగి ఉంటే అది 'షెర్మన్ ఎం3'. 105 మి.మీ. ఎం4 హోవిట్జర్ (గుండును పైకెత్తి కాల్చే పొట్టి ఫిరంగి) ఉంటే 'షెర్మన్ ఎం4'. 76 మి.మీ. ఎం1 ఉంటే 'షెర్మన్ ఎం1'. కింద బాడీ ఏ ఫ్యాక్టరీలో తయారైంది, వెనక ఏ ఇంజిన్ ఉంది అన్నది తర్వాతి మాట.

ఒక సైన్యం తన ట్యాంకులకు పేర్లు ఇలా ఎందుకు పెట్టుకుంటుంది? ఏ రకం కావాలో ఎంచుకుని కొనే స్థితి లేనప్పుడు పెట్టుకుంటుంది. ఒక చోట దొరికింది ఒక రకం, మరో చోట దొరికింది ఇంకో రకం. ఇలా వచ్చిన బండ్లలో కమాండరుకు తెలియాల్సింది ఒక్కటే: ఇది దేన్ని కొట్టగలదు, ఎంత దూరం నుంచి కొట్టగలదు. ఇజ్రాయెల్ షెర్మన్ల కథంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. మర్నాడే చుట్టుపక్కల అరబ్ దేశాల సైన్యాలు రంగంలోకి దిగాయి. ఆ ప్రాంతానికి ఆయుధాలు అమ్మకుండా అమెరికా అప్పటికే ఆంక్ష పెట్టింది. మే నెల ముగియక ముందే ఐక్యరాజ్య సమితి ఆంక్ష కూడా వచ్చి పడింది. జెరూసలేం రోడ్డు మీద లత్రూన్ దగ్గర ఒక పోలీసు కోట ఉంది. దాన్ని పట్టుకోవాలని మే 25న 7వ బ్రిగేడ్‌ను పంపారు. ఆ బ్రిగేడ్‌ను కూర్చి రోజులే అయింది. అందులో అప్పుడే ఓడ దిగిన వలసదారులూ ఉన్నారు. కోటలోనూ, వెనక కొండల మీదా ఉన్నది ట్రాన్స్‌జోర్డాన్‌కు (నేటి జోర్డాన్) చెందిన అరబ్ లీజియన్, బ్రిటిష్ అధికారుల చేతుల్లో తర్ఫీదైన సైన్యం. బ్రిగేడ్ బాగా దెబ్బతిని వెనక్కి వచ్చింది. ఆ రోజు వాళ్ల దగ్గర ఒక్క ట్యాంకు కూడా లేదు.

మొదటి ట్యాంకులు ఎలా వచ్చాయో చూస్తే ఒక దేశం ఎంత ఆత్రంగా ఉందో తెలుస్తుంది. ఫ్రాన్స్ నుంచి పది హాచ్‌కిస్ ట్యాంకులు వచ్చాయి. అవి రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి తేలికపాటి బండ్లు, 37 మి.మీ. ఫిరంగివి. జూన్ చివర బ్రిటిష్ సేనలు హైఫా వదిలి వెళ్లే ముందు రాత్రి ఇద్దరు బ్రిటిష్ సైనికులు రెండు క్రామ్‌వెల్ ట్యాంకులను విమానాశ్రయం నుంచి నడుపుకొచ్చి అప్పగించారు. బ్రిటిష్ వాళ్లు పనికిరాదని వదిలేసిన సరుకులోంచి ఒక షెర్మన్‌ను ఏరి, బాగుచేసి నడిపించారు. ఈ పదమూడింటితోనే ఒక ట్యాంకు బెటాలియన్ తయారైంది. అదే యిట్జాక్ సదే నాయకత్వంలోని 8వ బ్రిగేడ్‌కు చెందిన 82వ బెటాలియన్.

అందులో రెండు ట్యాంకు కంపెనీలు. క్రామ్‌వెల్‌లూ షెర్మనూ ఉన్నది 'ఇంగ్లిష్ కంపెనీ', హాచ్‌కిస్‌లు ఉన్నది 'రష్యన్ కంపెనీ'. ఒకదాంట్లో ఇంగ్లిష్ మాట్లాడే స్వచ్ఛంద సైనికులు, రెండోదాంట్లో సోవియట్ రెడ్ ఆర్మీలో పనిచేసి వచ్చిన వాళ్లు. ఒకరి మాట మరొకరికి అర్థం కాదు. హీబ్రూలో వచ్చిన ఆజ్ఞ యూరప్ యూదుల భాష ఇద్దిష్‌లోకో మరో భాషలోకో మారి సిబ్బంది చెవిన పడాలి. ట్యాంకు లోపల ఇంజిన్ హోరులో, ఇయర్‌ఫోన్‌లో, అర సెకనులో అందాల్సిన మాట అది. ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

ఆ జూలైలో ఈ బెటాలియన్ లిద్దా విమానాశ్రయాన్ని పట్టుకోవడంలో పాల్గొంది. అదే దాడిలో లిద్దా, రమ్లా పట్టణాలు ఇజ్రాయెల్ చేతికి వచ్చాయి. అక్కడి పాలస్తీనియన్లు యాభై వేలకు పైగా మంది మండుటెండలో ఊళ్లు వదిలి నడిచిపోవాల్సి వచ్చింది. ట్యాంకుల చరిత్ర రాసేటప్పుడు ఆ రోడ్డు మీద నడిచిన మనుషులను వదిలేయడం న్యాయం కాదు.

ఇక అసలు సరుకు సంగతి. 1942-45 మధ్య అమెరికా దాదాపు 49 వేల షెర్మన్లు తయారు చేసింది. యుద్ధం ముగిశాక యూరప్‌లో మిగిలిన వాటిని తిరిగి ఓడలెక్కించి తీసుకెళ్లడం దండగ. మిత్రదేశాల సేనలు ఉత్తరానికి పోరాడుతూ నడిచిన ఇటలీలో అవి యార్డుల్లో బారులు తీరి ఉండేవి. తుక్కు వ్యాపారులకు అవి ఉక్కు ముద్దలు. మళ్లీ యుద్ధానికి పనికిరాకుండా చాలావాటి ఫిరంగి గొట్టాలకు రంధ్రాలు చేసి పాడుచేశారు. ఇజ్రాయెల్ ఏజెంట్లు కొన్నది ఆ తుక్కునే. ముప్పైకి పైగా బండ్లు అలా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చేరేసరికి యుద్ధం ముగింపు దశకు వచ్చేసింది.

వచ్చినవాటికి పనికొచ్చే ఫిరంగులు లేవు. అందుకే కొన్నిటికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి నమూనా, జర్మన్ కంపెనీ కృప్ 75 మి.మీ. ఫీల్డ్ గన్లను టరెట్‌లో, అంటే ట్యాంకు పైన ఫిరంగితో తిరిగే గదిలో బిగించారు. గుర్రాలు లాగే రోజుల ఫిరంగి అది. ట్యాంకు మీద ట్యాంకుగా అది ఎందుకూ కొరగాదు. పదాతిదళానికి అండగా గోడలూ బంకర్లూ కొట్టడానికి మాత్రం పనికొచ్చింది. ఈ కృప్ షెర్మన్లను చరిత్రలో ఒక వింతగా చూపించేవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ తర్వాత ముప్పై ఏళ్లు జరగబోయేదానికి ఇవే మొదటి పాఠం. టరెట్‌లోంచి ఒక ఫిరంగిని తీసి మరో ఫిరంగిని కూర్చోబెట్టడం ఆ మెకానిక్కులు ఈ బండ్ల మీదే నేర్చుకున్నారు.

అదే 1948లో మరో కొత్త దేశం చేతిలోనూ షెర్మన్లు ఉన్నాయి. సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా హైదరాబాద్ దారి పట్టిన భారత సేనలో షెర్మన్లు ఉన్నాయి. పోలీస్ యాక్షన్ గురించి పెద్దల నోట విన్న తెలంగాణ ఇళ్లకు ఆ 'దండు' కొత్త కాదు. కానీ భారత్‌కు ట్యాంకులు వచ్చిన తీరు వేరు. దేశ విభజనలో రెజిమెంట్లు సిబ్బందితో సహా, అధికారులతో సహా, డిపోలతో సహా వచ్చాయి. నిజాం సేవలో పుట్టి, బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిన డెక్కన్ హార్స్ 1945లో బర్మాలో షెర్మన్లతోనే జపాన్ సేనలను తరిమింది. ఇరవై ఏళ్ల తర్వాత 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో పాకిస్తాన్ చేతిలోని అమెరికా ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచిన రెజిమెంట్లలో అదే డెక్కన్ హార్స్ ఉంది, అప్పుడూ షెర్మన్లతోనే. భారత్‌కు వారసత్వంగా వచ్చింది రెజిమెంటు. ఇజ్రాయెల్‌కు దొరికింది ఇనుము మాత్రమే. రెజిమెంటును ఆ ఇనుము చుట్టూ తర్వాత కట్టుకోవాల్సి వచ్చింది.

ఈ ఇనుమే ఎందుకు ఇన్నాళ్లు పనికొచ్చింది? జవాబు కంటికి కనిపించని చోట ఉంది. టరెట్ తిరిగే గుండ్రటి రంధ్రాన్ని టరెట్ రింగ్ అంటారు. షెర్మన్ టరెట్ రింగ్ వ్యాసం 69 అంగుళాలు, అంటే దాదాపు 1.75 మీటర్లు. సోవియట్ టీ-34 మొదటి రకంలో ఇది 1.42 మీటర్లే. ఫిరంగి పేలినప్పుడు దాని వెనక భాగం టరెట్ లోపలికి దూసుకొచ్చి ఆగుతుంది. ఆ వెనకపాటుకు చోటు కావాలి. పొడుగాటి గుండును తిప్పి గొట్టంలోకి తోయడానికి లోడర్‌కు మోచెయ్యి ఆడే జాగా కావాలి. రింగ్ చిన్నదైతే పెద్ద ఫిరంగి పట్టదు, పట్టినా మనిషి పట్టడు. షెర్మన్‌ను గీసిన ఇంజినీర్లు 1941లో ఇచ్చిన ఈ ఉదారమైన చోటే ఆ తర్వాతి ముప్పై ఏళ్లకు పెట్టుబడి అయింది.

1950ల మొదట్లో సైన్యం పెద్దలకు ట్యాంకుల మీద పెద్ద గురి లేదు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ మోషే దయాన్ ఆలోచనలో ముందు పరిగెత్తాల్సింది ట్రక్కుల్లోని పదాతిదళం, ట్యాంకులు వెనకాల రావాలి. 1956 అక్టోబరులో ఈజిప్టుకు చెందిన సినాయ్ మీద దాడి మొదలైనప్పుడు దక్షిణ కమాండ్ అధిపతి అసఫ్ సిమ్హోని ఆ ఆదేశాన్ని పక్కన పెట్టి 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్‌ను అనుకున్నదానికంటే ముందే దించేశాడు. ఉరి బెన్ అరి నడిపిన ఆ బ్రిగేడ్ దైకా కనుమ గుండా దూరి ఈజిప్టు రక్షణ స్థావరం అబూ అగీలా వెనక్కి చేరింది. లత్రూన్‌లో ట్యాంకు లేక ఓడిన బ్రిగేడే ఇది. ముందు దయాన్‌కు కోపం వచ్చినా, తర్వాత ఆయన మనసు మార్చుకున్నాడు. అప్పటి నుంచి ఇజ్రాయెల్ సైన్యంలో డబ్బుకూ, మంచి సిబ్బందికీ ట్యాంకు దళానిదే ముందు వరస.

ఆ యుద్ధానికి సరిగ్గా ముందే ఎం-50 వచ్చింది. ఈజిప్టుకు 1955లో చెకోస్లోవేకియా ద్వారా సోవియట్ ఆయుధాలు అందడం మొదలైంది. టీ-34/85 ట్యాంకులు ఎదురవుతాయని తేలిపోయింది. షెర్మన్ పాత 75 మి.మీ. ఫిరంగి గుండు సెకనుకు 620 మీటర్ల వేగంతో వెళ్తుంది. అప్పటికి ఫ్రాన్స్ తన ఏఎంఎక్స్-13 తేలికపాటి ట్యాంకు కోసం అదే 75 మి.మీ. కొలతలో చాలా పొడుగాటి ఫిరంగి తయారు చేసింది. దాని గుండు వేగం సెకనుకు వెయ్యి మీటర్లు. జర్మన్ ప్యాంథర్ ట్యాంకు ఫిరంగిని చూసి నేర్చుకుని చేసిన ఫిరంగి అది. నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడిన మనుషులున్న సైన్యం ఆ వంశపు ఫిరంగినే తన ట్యాంకుకు తెచ్చుకుంది. దాని బలం ఎంతో వాళ్లలో కొందరికి యుద్ధభూమి నుంచే తెలుసు.

పొడుగు ఫిరంగితో చిక్కు బరువు. గొట్టం బాగా ముందుకు పొడుచుకొస్తే టరెట్ ముక్కు కిందకు వాలుతుంది. నేల కాస్త ఏటవాలుగా ఉంటే చాలు, టరెట్‌ను తిప్పడం గగనమైపోతుంది. మన పల్లెల్లో ఏతాం తొక్కిన వాళ్లకు దీని పరిష్కారం విడమరిచి చెప్పక్కర్లేదు. ముందు బాన బరువుంటే వెనక రాయి కట్టాలి. ఎం-50 టరెట్ వెనక అలాగే ఒక పెద్ద ఇనుప దిమ్మ వెల్డింగ్ చేశారు. టరెట్ ముందు భాగాన్ని కోసి, ముందుకు పొడిగించి, కొత్త ఫిరంగి వెనకపాటుకు చోటు చేశారు. ఫొటోల్లో ఎం-50ని గుర్తుపట్టాలంటే వెనక ఉబ్బెత్తుగా కనిపించే ఆ దిమ్మను చూస్తే చాలు. 1956 యుద్ధం నాటికి ఇలాంటివి 25 దాకా సిద్ధమయ్యాయి.

ఇక్కడ ఈజిప్టుతో పోలిక చాలా చెబుతుంది. ఈజిప్టు దగ్గరా షెర్మన్లున్నాయి. ఈజిప్టు కూడా అదే ఫ్రెంచి ఫిరంగిని ఎంచుకుంది. కానీ టరెట్‌ను అలాగే ఉంచి ఫిరంగి మార్చలేదు. ఏఎంఎక్స్-13 టరెట్‌ను ఫిరంగితో సహా ఎత్తి షెర్మన్ బాడీ మీద పెట్టింది. ఆ పని తేలిక, త్వరగా అవుతుంది. అయితే ఆ టరెట్ 15 టన్నుల తేలికపాటి ట్యాంకు కోసం చేసింది, దాని కవచం పలచన. అందులో గుండ్లు ఆరేసి చొప్పున రెండు డ్రమ్ముల్లో ఉంటాయి. పన్నెండూ అయిపోతే ట్యాంకును వెనక్కి తీసుకెళ్లి, మనిషి బయటకు దిగి నింపాలి. ఇజ్రాయెల్ దారి నిదానం, చేతిపని ఎక్కువ. కానీ చివరికి దక్కింది మామూలు షెర్మన్ మందం కవచం వెనక నిలబడి, లోడర్ చేతులు ఆడినంత సేపూ కాల్చగల బండి. ఒకే ఫిరంగి, ఒకే బాడీ. తేడా అంతా వర్క్‌షాపు ఎంత కష్టానికి ఒప్పుకుందన్న దాంట్లోనే ఉంది.

ఎం-50లు మొత్తం 300 దాకా తయారయ్యాయి. 1960లు వచ్చేసరికి అవీ చాలలేదు. సోవియట్ టీ-54, టీ-55 ట్యాంకులు అరబ్ సైన్యాల్లోకి వచ్చేశాయి. ఈసారి ఫ్రాన్స్ 105 మి.మీ. ఫిరంగి ఎంచుకున్నారు. అది అసలు ఏఎంఎక్స్-30 అనే కొత్త ట్యాంకు కోసం చేసింది. ముప్పై టన్నుల పాత బాడీ దాని తాకిడి తట్టుకుంటుందా?

తట్టుకోదు. అందుకే గొట్టాన్ని కురచ చేశారు. గుండు వేగం సెకనుకు 1000 మీటర్ల నుంచి 800కు పడిపోయింది. మామూలు గుండుకైతే ఇది చావుదెబ్బ. దాని బలమంతా వేగంలోనే ఉంటుంది. కానీ ఈ ఫిరంగి ట్యాంకుల మీద వాడేది షేప్డ్ చార్జ్ గుండు. దాని లోపల పేలుడు మందు ముందు వైపు గరాటు ఆకారంలో లోహపు రేకు ఉంటుంది. కవచాన్ని తాకగానే మందు పేలి ఆ గరాటును నలిపి సన్నటి లోహపు ధారగా ముందుకు చిమ్ముతుంది. ఆ ధార సెకనుకు కిలోమీటర్ల వేగంతో ఉక్కును తొలుస్తూ పోతుంది. ఆ వేగం పేలుడు మందు ఇచ్చింది, ఫిరంగి ఇచ్చింది కాదు. గుండు నెమ్మదిగా వచ్చి తాకినా రంధ్రం లోతు తగ్గదు. నెమ్మదైన గుండును దూరంలో కదిలే లక్ష్యానికి తగిలించడం మాత్రం కష్టం. ఆ నష్టాన్ని ఒప్పుకునే ఈ బేరం కుదుర్చుకున్నారు. గొట్టం కొనకు పెద్ద మజిల్ బ్రేక్ తగిలించి, వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లించి, వెనకపాటును ఇంకొంత తగ్గించారు. ఇదే ఎం-51. ఈ ఫిరంగిని 76 మి.మీ. షెర్మన్ల పెద్ద టరెట్‌లో బిగించారు. సుమారు 180 బండ్లను ఇలా మార్చారు. బరువు 39 టన్నులకు చేరింది.

బరువు పెరిగితే కాళ్లూ గుండె కూడా మారాలి. పాత షెర్మన్ పట్టాలు 42 సెంటీమీటర్ల వెడల్పువి. ఇసుకలో అవి కూరుకుపోతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా తెచ్చిన కొత్త రకం సస్పెన్షన్‌తో పట్టా వెడల్పు 58 సెంటీమీటర్లయింది, బరువు ఎక్కువ నేల మీదకు పరుచుకుంది. విమానాల కోసం పుట్టిన తొమ్మిది సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసేసి 460 హార్స్‌పవర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్ పెట్టారు. పెట్రోల్ కంటే డీజిల్ మీద ఎక్కువ దూరం వెళ్తుంది, అంత తేలిగ్గా అంటుకోదు. చివరికి 1942 నాటి బండిలో 1942 నాటిదిగా మిగిలింది బాడీ ఉక్కు ఒక్కటే అనొచ్చు.

బలహీనత కూడా అక్కడే. షెర్మన్ ముందు పలక మందం రకాన్ని బట్టి 51 నుంచి 63 మి.మీ. ఏటవాలుగా ఉన్నా 100 మి.మీ. సోవియట్ ఫిరంగికి అది అడ్డే కాదు. 1967 జూన్ యుద్ధంలో వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్ చుట్టూ ఈ షెర్మన్లు జోర్డాన్ ప్యాటన్లతో తలపడి గెలిచాయి. అదే వారం సిరియా చేతిలోని గోలన్ నిట్టనిలువు కొండల మీదకు అల్బర్ట్ మెండ్లర్ 8వ బ్రిగేడ్ షెర్మన్లు ఎక్కాయి, కానీ దారిలో చాలా బండ్లు పోయాయి. ఆ గెలుపులను ట్యాంకు గొప్పతనంగా చెప్పే కథనాలు ఎన్నో ఉన్నాయి. అది పూర్తి నిజం కాదు. ఆకాశం అప్పటికే ఇజ్రాయెల్ విమానాలది. షెర్మన్ సిబ్బంది ముందు చూసి, ముందు కాల్చి, మొదటి గుండుకే తగిలించడం నేర్చుకున్నారు. తగిలించకపోతే తమ బండి ఎదుటి గుండును ఆపలేదని వాళ్లకు బాగా తెలుసు. ఆ శిక్షణను నూరిపోసిన వాడు 1964 నుంచి ట్యాంకు దళం అధిపతిగా ఉన్న ఇజ్రాయెల్ తాల్. 1973 యుద్ధంలో రిజర్వు బ్రిగేడ్లు ఎం-51లనే తీసుకుని టీ-55లు, టీ-62ల ముందుకు వెళ్లాయి. అప్పటికి అవి ముప్పై ఏళ్ల బండ్లు. ఇంకేం లేక తీసుకెళ్లినవి.

ఇంత శ్రమ పడే బదులు కొత్త ట్యాంకులు కొనొచ్చు కదా అనిపించవచ్చు. ఎవరు అమ్ముతారు? బ్రిటన్ సెంచూరియన్ ట్యాంకులు ఇవ్వడం మొదలైంది 1959 తర్వాతే. ప్యాటన్లు చేతికి రావడం 1960ల మధ్యలో. 1967 యుద్ధం సమయంలో ఫ్రాన్స్ ఆయుధాలు ఆపేసింది. 1969లో బ్రిటన్ చీఫ్‌టెన్ ట్యాంకులు ఇస్తానన్న మాట వెనక్కి తీసుకుంది. తలుపు మూసుకున్న ప్రతిసారీ చేతిలో మిగిలింది షెర్మన్ బాడీ, టెల్ హషోమెర్‌లోని వర్క్‌షాపు, అందులో చేయి తిరిగిన మనుషులు. టరెట్ పీకేసిన బాడీల మీద వాళ్లు 155 మి.మీ. శతఘ్నిని పెట్టారు, 160 మి.మీ. మోర్టారును పెట్టారు. సూయజ్ కాలువ అవతలి గట్టు మీంచి తొంగి చూడటానికి దాదాపు 27 మీటర్ల ఎత్తు లేచే హైడ్రాలిక్ పరిశీలన వేదికను కూడా పెట్టారు. ఒక రకంలో ఇంజిన్‌ను ముందుకు జరిపి, వెనక గాయపడ్డ సైనికులను పడుకోబెట్టే గది కట్టి అంబులెన్సు చేశారు. 1979లో సైన్యంలో చేరిన సొంత ట్యాంకు మెర్కావాలోనూ ఇంజిన్ ముందే ఉంటుంది, వెనక తలుపు ఉంటుంది. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు అదే తాల్. బిగించింది టెల్ హషోమెర్‌లోనే.

1980ల్లో కొన్ని షెర్మన్లు చిలీకి వెళ్లాయి. వాటిలో కొన్నిటికి కొత్తగా 60 మి.మీ. ఫిరంగి వచ్చింది. 1990ల చివరిదాకా అక్కడ నడిచాయి.

లత్రూన్ కోట ఇప్పుడు ట్యాంకు దళం మ్యూజియం. గోడల మీద 1948 నాటి గుండ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆవరణలో పాత నీళ్ల ట్యాంకు టవర్ ఒకటి ఉంది. దాని నెత్తిన ఒక షెర్మన్ నిలబడి ఉంటుంది. టవర్ అంత బరువు మోయలేదని, పైకెత్తే ముందు దాని ఇంజినూ గేర్‌బాక్సూ తీసేశారు.